ఇంగ్లాండులో ఏజెన్సీ సోషల్ వర్కర్: కొలువు మూడు నెలలు, బాధ్యత ఒక జీవితం

సరిహద్దు జిల్లాల కుటుంబాలకు ఒక కష్టం తరతరాలుగా తెలుసు. ఇల్లు ఒక రాష్ట్రంలో, పొలం మరొక రాష్ట్రంలో, వైద్యం చేయించుకొనే పట్టణం ఇంకొక జిల్లాలో ఉంటే, ముసలితనంలో పింఛను అర్జీ ఏ కార్యాలయంలో పెట్టుకోవాలన్నది పెద్ద చిక్కు. "మీరు మా పరిధిలోకి రారు" అన్న మాట రెండు చోట్లా వినిపిస్తుంది.

ఇంగ్లాండులోనూ ఈ తగవు ఉంది. ఒక పట్టణంలో కాపురమున్న వృద్ధుడు కూతురి ఊరికి తరలిపోతే, అతని సంరక్షణ ఖర్చు ఏ కౌన్సిలు భరించాలన్న వివాదం వస్తుంది. అయితే అక్కడి నిబంధన ఒకటి గమనించదగినది. రెండు కౌన్సిళ్ల మధ్య వివాదం ఉన్నదన్న కారణంతో ఆ వృద్ధునికి అందవలసిన సంరక్షణ ఆగరాదు, ఆలస్యం కారాదు. తగవు కాగితాల మీద నడుస్తుండగానే ఆ ఇంటికి వెళ్లి, అవసరమేమిటో చూచి, రాసి, ఏర్పాటు చేయవలసిన వ్యక్తి ఒకరుంటారు. ఆ వ్యక్తే సోషల్ వర్కర్.

ఈ పనిలో కొంత భాగం కౌన్సిలు సొంత ఉద్యోగుల చేతిలో గాక, ఏజెన్సీల ద్వారా కొద్ది నెలలకు వచ్చినవారి చేతిలో ఉంటుంది. ఎం.ఎస్.డబ్ల్యూ. చదివిన పిల్లలున్న తల్లిదండ్రులకు, 'ఇంగ్లాండులో సోషల్ వర్క్ ఉద్యోగం' అన్న ప్రకటన చూచి భూమి తాకట్టు పెట్టే ఆలోచనలో ఉన్నవారికి, ఈ కొలువు స్వరూపం ముందుగా తెలియడం ఎంతైనా అవసరం.

పేరు ఒకటి, అర్థాలు రెండు

మన వైపు సోషల్ వర్కర్ అంటే ఊరి మంచి కోసం పాటుపడే పెద్దమనిషి అని అర్థం. బ్రిటన్‌లో అది చట్టరక్షణ గల వృత్తినామం. 2005 ఏప్రిల్ 1 నుండి రిజిస్టరులో పేరు లేనివారు తాము సోషల్ వర్కర్లమని చెప్పి ఇతరులను మోసగిస్తే అది నేరం. ఇంగ్లాండుకు సంబంధించి ఈ రిజిస్టరును 2019 డిసెంబరు 2 నుండి 'సోషల్ వర్క్ ఇంగ్లాండ్' అనే సంస్థ నిర్వహిస్తున్నది. స్కాట్లాండు, వేల్స్, ఉత్తర ఐర్లాండులకు వేర్వేరు నియంత్రణ సంస్థలున్నాయి. విదేశాలలో చదివినవారు తమ పట్టా, పాఠ్యాంశాలు, క్షేత్రస్థాయి శిక్షణ, ఆంగ్ల భాషా సామర్థ్యం నిరూపించుకొన్న తరువాతే పేరు నమోదవుతుంది. ఆపైన ఏటా సెప్టెంబరు 1 నుండి నవంబరు 30 లోపు నమోదును పునరుద్ధరించుకోవాలి.

కేర్ వర్కర్ పని వేరు. మంచం పట్టినవారికి స్నానం చేయించడం, బట్టలు తొడగడం, అన్నం తినిపించడం, వేళకు మందులు అందించడం వారి విధి. రెండూ గౌరవమైన పనులే. కాని చదువు, జీతం, వీసా, చట్టబాధ్యత అన్నిటా ఈ రెండింటికీ పోలిక లేదు. మధ్యవర్తులు తరచు ఈ రెండు పేర్లనూ కలిపి చెప్పడం వల్లనే మోసానికి తావు ఏర్పడుతుంది.

వయోజన సేవలు అంటే ఏమిటి?

1970లో చేసిన చట్టంతో అక్కడి స్థానిక సంస్థలలో సోషల్ సర్వీసెస్ శాఖలు ఏర్పడ్డాయి. 2004 నాటి బాలల చట్టం తరువాత పిల్లల సేవలు, వయోజనుల సేవలు వేర్వేరు విభాగాలుగా విడిపోయాయి. పద్దెనిమిదేళ్లు దాటిన వికలాంగులు, బుద్ధిమాంద్యం ఉన్నవారు, మానసిక రోగులు, వృద్ధులు, వారిని ఇంటిలో చూచుకొనే బంధువులు వయోజన సేవల పరిధిలోకి వస్తారు.

ఈ విభాగానికి మూలస్తంభం 2014 నాటి కేర్ చట్టం. దాని ముఖ్య నిబంధనలు 2015 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చాయి. సంరక్షణ అవసరం ఉన్నట్లు కనిపించిన ఏ వయోజనునికైనా, అతని ఆస్తిపాస్తులతో నిమిత్తం లేకుండా, కౌన్సిలు అవసరాల మదింపు చేయవలసిందే. అతనిని చూచుకొనే భార్యకో కొడుకుకో కూడా వేరుగా మదింపు పొందే హక్కు ఉంది.

అర్హత మూడు మెట్లలో తేలుతుంది. మొదటిది, అవసరం శారీరక లేక మానసిక లోపం వల్లనో జబ్బు వల్లనో కలిగి ఉండాలి. రెండవది, తినడం, శుభ్రత, మరుగుదొడ్డి వాడకం, దుస్తులు ధరించడం, ఇంటిలో ప్రమాదం లేకుండా తిరగడం, ఇల్లు నివాసయోగ్యంగా ఉంచుకోవడం, బంధుమిత్రులతో సంబంధాలు నిలుపుకోవడం వంటి పది అంశాలలో కనీసం రెండు సాధ్యం కాకపోవాలి. మూడవది, దాని వలన ఆ వ్యక్తి క్షేమం మీద గణనీయమైన ప్రభావం పడాలి. ఈ మూడూ రుజువైతేనే కౌన్సిలు బాధ్యత మొదలవుతుంది.

తరువాత డబ్బు లెక్క. ఇంగ్లాండులో 23,250 పౌండ్లకు మించి పొదుపు ఉన్నవారు సాధారణంగా తమ సంరక్షణ ఖర్చు తామే భరించుకోవాలి. 2010 నుండి ఈ హద్దు మారలేదు. ఇంటిలోనే ఉండి సేవలు పొందితే సొంత ఇంటి విలువను లెక్కలోకి తీసుకోరు. శాశ్వతంగా కేర్ హోముకు మారితే మొదటి 12 వారాలు మినహాయించి, ఆపైన ఇంటి విలువను లెక్కిస్తారు. భార్య లేక భర్త ఆ ఇంటిలోనే ఉంటే లెక్కించరు. కనుక ఒక వృద్ధురాలు ఇంటిలో ఉంటారా, హోముకు వెళతారా అన్న నిర్ణయంతో ఆమె జీవితకాలపు ఆస్తి ముడిపడి ఉంటుంది.

మనదేశంలో 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఆ బాధ్యతను ప్రధానంగా పిల్లల మీద పెట్టింది. ఇంగ్లాండులో పిల్లలు తల్లిదండ్రులను పోషించి తీరాలన్న చట్టం లేదు. ఈ తేడా తెలియకుండా అక్కడికి వెళ్లిన తెలుగు యువతకు తొలి నెలల్లో కుటుంబాల తీరు వింతగా తోస్తుంది. 'కన్నకొడుకు ఉండగా కౌన్సిలు ఎందుకు?' అన్న ప్రశ్నను మనసులోనుండి తీసివేసుకోవడం వారు నేర్వవలసిన మొదటి పాఠం.

ఏజెన్సీ వారిని ఎందుకు పిలుస్తారు?

ఒక ఉద్యోగి ప్రసూతి సెలవుపై వెళ్లినా, ఖాళీలు నెలల తరబడి నిండకపోయినా, చలికాలంలో ఆసుపత్రుల నుండి విడుదలయ్యే వృద్ధుల సంఖ్య పెరిగినా, మదింపుల వరుస పేరుకుపోతుంది. చట్టం పెట్టిన విధి మాత్రం ఆగదు. అప్పుడు కౌన్సిలు ఏజెన్సీని ఆశ్రయిస్తుంది. ఒప్పందం తరచు మూడు నెలలకు ఉంటుంది. అవసరాన్ని బట్టి పొడిగిస్తారు, లేదా కొద్ది రోజుల నోటీసుతో ముగిస్తారు.

పిల్లల సేవల విభాగంలో ఏజెన్సీ నియామకాలకు 2024 అక్టోబరు నుండి ప్రత్యేక జాతీయ నియమాలు వచ్చాయి. అవి వయోజన సేవలకు వర్తించవు. అయినప్పటికీ వయోజన విభాగాలు సైతం అనుభవజ్ఞులనే కోరతాయి. వచ్చినవారికి నేర్పే తీరిక అక్కడ ఉండదు. మొదటి వారంలోనే కంప్యూటరు పద్ధతి తెలుసుకొని, రెండవ వారానికి కేసులు చేపట్టవలసి ఉంటుంది. చదువు ముగించిన వెంటనే ఏజెన్సీలో చేరాలని చూడటం కంటె, ఒక కౌన్సిలులో శాశ్వత ఉద్యోగిగా మొదటి సంవత్సరం పర్యవేక్షణలో గడపడం మేలు. కొత్తవారి కోసం అక్కడ ఆ విధమైన తొలి సంవత్సరపు శిక్షణ ఏర్పాటు 2012 నుండి ఉంది.

ఒక కేసు నడిచే తీరు

ఉదాహరణకు ఎనభై నాలుగేళ్ల వితంతువు ఒకరు మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో చేరారనుకొందాం. శస్త్రచికిత్స అయింది. వార్డు వారికి మంచం ఖాళీ కావాలి. దూరపు పట్టణంలో ఉన్న కొడుకు "అమ్మను కేర్ హోములో చేర్చండి, ఇంకోసారి పడితే ఎవరిది పూచీ?" అంటాడు. ఆమె మాత్రం "నా ఇంటికే వెళతాను" అంటారు. కేసు చేతికి వచ్చిన సోషల్ వర్కరు ఏజెన్సీ ద్వారా చేరి మూడు వారాలే అయింది.

ఇక్కడ 2005 నాటి మానసిక సామర్థ్య చట్టం అడ్డంగా నిలుస్తుంది. లేదని రుజువయ్యే వరకు ప్రతి వయోజనునికీ నిర్ణయించుకొనే శక్తి ఉన్నట్లే భావించాలి. నిర్ణయించుకోవడానికి చేయగల సాయమంతా చేయాలి. ఇతరుల కంటికి అవివేకంగా కనిపించినంత మాత్రాన శక్తి లేదనరాదు. శక్తి లేదని తేలితే ఆ వ్యక్తి శ్రేయస్సు కోసమే నిర్ణయించాలి. అప్పుడు కూడా స్వేచ్ఛను అతి తక్కువగా హరించే దారినే ఎంచుకోవాలి. ఆ చట్టపు ఐదు సూత్రాల సారం ఇదే.

కనుక సోషల్ వర్కరు ముందుగా ఆమెతో ఏకాంతంగా మాట్లాడతారు. వినికిడి యంత్రం పెట్టుకొన్నారా, నొప్పి మందుల మత్తులో ఉన్నారా అన్నది చూచుకొంటారు. ఉదయం తడబడినవారు సాయంత్రం స్పష్టంగా మాట్లాడవచ్చు. ఇంటికి వెళితే ఎదురయ్యే ప్రమాదం ఆమెకు అర్థమైందా, గుర్తుంచుకోగలరా, లాభనష్టాలు తూచగలరా, తన నిర్ణయం తెలియజేయగలరా అన్నవి పరీక్షించి, ఆమె మాటల్లోనే నమోదు చేస్తారు. ఆమెకు తెలుగో మరో భాషో తప్ప రాకపోతే దుబాసీని పిలిపించాలి. ఆస్తి, హింస వంటి అనుమానం ఉన్నచోట ఇంటివారి చేత అనువాదం చేయించడం తగదు. గ్రహించుటలో గాని చెప్పుకొనుటలో గాని ఆమెకు చాలా కష్టముండి, తోడ్పడగల ఆత్మీయులెవరూ లేకపోతే స్వతంత్ర ప్రతినిధిని ఏర్పాటు చేయాలని కేర్ చట్టం 67వ సెక్షను చెబుతున్నది.

శక్తి ఉన్నదని తేలితే ఆమె ఇంటికే వెళతారు. అప్పుడు కొడుకుకు సర్దిచెప్పడం, మెట్లకు పట్టుకొమ్మీ బిగించడం, పడకను కింది గదికి మార్చడం, రోజుకు ఇన్ని సార్లు కేర్ వర్కరు వచ్చేలా చూడటం సోషల్ వర్కరు పని. కోలుకొని తిరిగి స్వయంగా తిరుగాడేందుకు ఇచ్చే సేవను ఆరు వారాల వరకు ఉచితంగా అందిస్తారు. వెయ్యి పౌండ్ల లోపు అయ్యే చిన్న మార్పులూ ఉచితమే. తరువాత తిరిగి చూచి, ప్రణాళికను సవరించాలి.

అప్పగింతలోనే ఉంది అసలు పరీక్ష

ఆ ఆరు వారాలు ముగిసే లోపే ఏజెన్సీ ఒప్పందం ముగియవచ్చు. ఆమెకు రాత్రివేళ మెట్లంటే భయమని, పక్కింటివారు తాళంచెవి ఉంచుకొన్నారని, కొడుకు డబ్బు ప్రస్తావన తెచ్చినప్పుడల్లా ఆమె మౌనం వహించారని, ఆ సోషల్ వర్కరుకు తెలుసు. ఆ సంగతులు కేసు నోట్సులో లేకపోతే, తరువాత వచ్చినవారికి అవేవీ తెలియవు. ఆ వృద్ధురాలు తన కథ మళ్లీ మొదటి నుండి చెప్పుకోవాలి. కొన్నిసార్లు చెప్పుకొనే ఓపిక ఉండదు, కొన్నిసార్లు చెప్పే ధైర్యం ఉండదు.

అందుకే అనుభవజ్ఞులు అప్పగింతను చివరి రోజు పనిగా చూడరు. ప్రతి సందర్శన తరువాత అదే రోజు రాయడం, చూచినదానిని తమ అభిప్రాయంతో కలపకుండా వేరుగా రాయడం, మిగిలిన పనులను తేదీలతో సహా చెప్పడం, తాము వెళ్లిపోతున్న సంగతి ఆ కుటుంబానికి ముందుగా తెలియజేసి తరువాత ఎవరిని సంప్రదించాలో చెప్పడం వారి అలవాటు. ఒప్పందం ఏజెన్సీతో ఉన్నా వృత్తి ప్రమాణాలు ఆ వ్యక్తికే అంటిపెట్టుకొని ఉంటాయి. తప్పు జరిగితే 'నేను తాత్కాలికుడిని' అన్న సమాధానం నియంత్రణ సంస్థ ముందు చెల్లదు. కేసుల సంఖ్య మోయలేనంతగా ఉంటే ఆ మాట మేనేజరుకు రాతపూర్వకంగా చెప్పడం కూడా వృత్తిధర్మంలో భాగమే.

ఎవరైనా వేధింపునకో నిర్లక్ష్యానికో గురవుతున్నారన్న అనుమానం కలిగితే, 42వ సెక్షను కింద విచారణ జరిపించవలసిన విధి కౌన్సిలుకు ఉంటుంది. ఆ అనుమానాన్ని మొదట గుర్తించిన వ్యక్తి మరుసటి వారం అక్కడ లేకపోవచ్చు. రాసిన కాగితమే ఆ మనిషి తరఫున సాక్ష్యం పలుకుతుంది.

గంట రేటు వెనుక లెక్క

ఏజెన్సీ పనికి గంట రేటు శాశ్వత ఉద్యోగి వేతనం కంటె ఎక్కువగా కనిపిస్తుంది. అయితే ప్రకటనలో ఉన్న అంకె చేతికి రాదు. అనేకులకు జీతం 'అంబ్రెల్లా కంపెనీ' అనే మధ్య సంస్థ ద్వారా వస్తుంది. యజమాని కట్టవలసిన నేషనల్ ఇన్సూరెన్సు సైతం ఆ రేటులోనుండే పోతుంది. 2025 ఏప్రిల్ నుండి అది ఏడాదికి 5,000 పౌండ్లకు మించిన వేతనం మీద 15 శాతం.

ఒక లెక్క చూద్దాం. గంటకు 30 పౌండ్ల చొప్పున వారానికి 37 గంటలు అనుకొంటే మొత్తం 1,110 పౌండ్లు. అంబ్రెల్లా కంపెనీ తన రుసుముగా 20 పౌండ్లు తీసుకొంటుందనుకొందాం. యజమాని నేషనల్ ఇన్సూరెన్సు, అరశాతం అప్రెంటిస్‌షిప్ పన్ను పోగా స్థూల వేతనం సుమారు 956 పౌండ్లు తేలుతుంది. సెలవు వేతనం కూడా చాలాసార్లు ఇందులోనే కలిసి ఉంటుంది. దానిపై 2025–26 రేట్ల ప్రకారం ఆదాయపు పన్ను, ఉద్యోగి నేషనల్ ఇన్సూరెన్సు కలిపి సుమారు 200 పౌండ్లు పోతాయి. చేతికి వచ్చేది దాదాపు 756 పౌండ్లు. పింఛను నిధికి కోత పెడితే ఇంకా తగ్గుతుంది. ఇందులోనుండే ఇంటి అద్దె, కారు ఖర్చు భరించాలి. రెండు ఒప్పందాల మధ్య ఖాళీ వారాలకు ఆదాయం ఉండదు.

రక్షణలు కూడా ఉన్నాయి. 2020 ఏప్రిల్ నుండి ఏజెన్సీ ఈ కోతలన్నిటినీ చూపే 'ముఖ్య సమాచార పత్రం' ముందుగానే ఇవ్వాలి. 2011 అక్టోబరు 1 నుండి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం ఒకే చోట 12 వారాలు పనిచేసినవారికి మూల వేతనం, పని వేళలు, సెలవుల విషయంలో ఆ సంస్థ సొంత ఉద్యోగులతో సమాన హక్కు వస్తుంది. ఉద్యోగం చూపినందుకు ఉద్యోగార్థి వద్ద రుసుము తీసుకోవడాన్ని 1973 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీల చట్టం నిషేధించింది.

వీసా దగ్గర జాగ్రత్త

మన కుటుంబాలు ముఖ్యంగా తెలుసుకోవలసిన విషయం ఇది. నైపుణ్య ఉద్యోగి వీసాకు ఒక యజమాని స్పాన్సరుగా ఉండాలి. స్పాన్సరు చేసిన సంస్థ ఆ ఉద్యోగిని మరొక సంస్థలోని ఖాళీ నింపడానికి అద్దెకు పంపడం నిబంధనలకు విరుద్ధం. కనుక 'ఏజెన్సీయే వీసా ఇస్తుంది, ఏ కౌన్సిలుకైనా పంపుతుంది' అన్న మాట వినగానే అనుమానించాలి. కౌన్సిలు స్వయంగా స్పాన్సరు చేసే శాశ్వత ఉద్యోగమే సరైన దారి. అక్కడ స్థిరనివాస హక్కు పొందినవారు, పని అనుమతి గల జీవిత భాగస్వాములు, చదువు తరువాతి గ్రాడ్యుయేట్ వీసాలో ఉన్నవారు రిజిస్టరులో పేరు ఉంటే ఏజెన్సీ పని చేసుకోవచ్చు.

కేర్ వర్కర్ల విషయం ఇంకా కఠినం. 2024 మార్చి 11 నుండి కొత్తగా వెళ్లే కేర్ వర్కర్లు భార్యాబిడ్డలను వెంట తీసుకువెళ్లే వీలు లేకుండా చేశారు. 2025 జులై 22 నుండి విదేశాల నుండి కేర్ వర్కర్ల కొత్త నియామకాన్నే నిలిపివేశారు. ఆ తేదీ తరువాత ఎవరైనా లక్షలు పుచ్చుకొని కేర్ వర్కరు వీసా ఇప్పిస్తామంటే అది మోసమే. సోషల్ వర్కర్ ఉద్యోగం పట్టభద్ర స్థాయి వృత్తి కనుక దానికి దారి మూసుకుపోలేదు.

ఎకరం పొలం అమ్మేముందు ఇంటి పెద్దలు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఉద్యోగం పేరు సోషల్ వర్కరా, కేర్ వర్కరా? రిజిస్టరులో పేరు నమోదయిందా, లేక అర్జీ మాత్రమే పెట్టారా? స్పాన్సరు పేరు బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించే జాబితాలో ఉన్నదా? ఇక్కడి రిక్రూటింగ్ ఏజెంటుకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉన్నదా? తీసుకొన్న సొమ్ముకు రసీదు ఇస్తున్నాడా? వీటిలో ఒక్కదానికి సరైన జవాబు రాకపోయినా ఆగడం క్షేమం.

అన్నీ సక్రమంగా ఉండి పిల్లలు ఆ వృత్తిలో చేరితే తల్లిదండ్రులు సంతోషించవచ్చు. పరాయి దేశంలో ఒంటరి వృద్ధురాలు తన ఇంటి గుమ్మంలో తానే నిలబడగలగడం ఆ పనికి దక్కే ఫలితం. రెండు కార్యాలయాల మధ్య తిరిగి అలసిన పెద్దలను చూస్తూ పెరిగిన సరిహద్దు బిడ్డలకు, వెళ్లిపోయేముందు ఫైలు పూర్తిగా రాసి అప్పగించడం ఎంత అవసరమో వేరొకరు చెప్పనక్కరలేదు.